పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ: ఏ ప్రాసెసర్‌ని మోస్తుంది, ఏది మోయలేదు

కంప్యూటర్ ప్రాసెసర్‌ని చల్లబరిచే ఎయిర్ కూలర్లలో, నాలుగు వేల రూపాయలకి అటూ ఇటూగా దొరికేవాటిలో థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈని మించినది చూపించడం కష్టం. అలాగని అందరూ కొనాల్సిన కూలరూ కాదు. 65 వాట్ల రైజెన్ 5కి ఇది అవసరానికి మించిన సరుకు. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) కరెంటు పరిమితులన్నీ ఎత్తేసిన ఐ9కి ఇది చాలదు. ఈ రెండింటికీ మధ్య బోలెడన్ని ప్రాసెసర్లున్నాయి. వాటిలో దేనికి ఇది సరిగ్గా కుదురుతుంది, మే నెలలో ఏసీ లేని గదిలో ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు సరుకు సంగతి. రెండు టవర్లు, ఆరు హీట్ పైపులు, ఒక్కోటి 6 మి.మీ. లావు. 120 మి.మీ. ఫ్యాన్లు రెండు, ఒకటి ముందు, ఒకటి టవర్ల మధ్య. గరిష్ఠ వేగం 1550 ఆర్‌పీఎం. ఎత్తు 155 మి.మీ. డబ్బాలో ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌కి, ఏఎండీ ఏఎం4, ఏఎం5 సాకెట్లకి బిగింపు సామాను, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే టీఎఫ్7 పేస్ట్ ట్యూబ్, రెండు ఫ్యాన్లని బోర్డు మీది ఒకే హెడర్‌కి కలిపే స్ప్లిటర్ కేబుల్ వస్తాయి. బేస్ మీద నికెల్ పూత శుభ్రంగా ఉంటుంది. ఫిన్ల (టవర్లోని పలచటి రేకుల) అంచులు మాత్రం పదును, ఎత్తేటప్పుడు వేళ్లు జాగ్రత్త.

ఇక వాట్ల లెక్క. ప్రాసెసర్ డబ్బా మీద రాసిన టీడీపీ (కూలర్ తీసెయ్యాల్సిన వేడికి కంపెనీ ఇచ్చే వాట్ల అంకె) చూసి కూలర్ ఎంచుకుంటే సగం కేసుల్లో తప్పే. ఏఎం4, ఏఎం5 రైజెన్లు నిజంగా లాగే గరిష్ఠ కరెంటు పీపీటీ అనే పరిమితి మీద నడుస్తుంది, అది సాధారణంగా టీడీపీకి 1.35 రెట్లు. 65 వాట్లన్న రైజెన్ 5 7600 పూర్తి లోడులో 88 వాట్ల దాకా పోతుంది. 105 వాట్లన్న రైజెన్ 7 7700ఎక్స్ 142, 170 వాట్లన్న రైజెన్ 9 7950ఎక్స్ 230. పాత ఏఎం4లో రైజెన్ 5 5600 మాత్రం 76 దగ్గర ఆగుతుంది.

ఇంటెల్ వైపు తేడా ఇంకా పెద్దది. ఐ5-12400ఎఫ్ బేస్ పవర్ 65 వాట్లు, టర్బోలో, అంటే గరిష్ఠ వేగానికి ఎగబాకినప్పుడు, 117. ఐ5-13400కి 65, 148. ఐ5-13600కెకి 125, 181. ఐ7-14700కె, ఐ9-14900కె రెండింటికీ 125 అని రాసి ఉంటుంది, లాగేది 253. కూలర్‌ని ఎప్పుడూ ఈ రెండో అంకెతోనే పోల్చాలి.

ఏఎండీ టీడీపీ ఎలా పుట్టిందో తెలిస్తే మన వేసవికి అది ఎందుకు సరిపోదో అర్థమవుతుంది. ప్రాసెసర్ మూత మీద ఉండాల్సిన ఉష్ణోగ్రతలోంచి కూలర్ ఫ్యాన్‌కి అందే గాలి ఉష్ణోగ్రతని తీసేసి, వచ్చినదాన్ని కూలర్ ఉష్ణ నిరోధంతో భాగిస్తారు. ఉదాహరణకి 61.8లోంచి 42 తీసేసి 0.189తో భాగిస్తే 105 వాట్లు. ఆ 42 డిగ్రీలు క్యాబినెట్ లోపలి గాలికి వేసుకున్న లెక్క. విజయవాడలోనో రామగుండంలోనో మే మధ్యాహ్నం గదే 40 దాటితే, గ్రాఫిక్స్ కార్డ్ కూడా పనిచేస్తున్న క్యాబినెట్ లోపల అంతకు పైనే ఉంటుంది.

కూలర్ కంపెనీలు రాసే వాట్ల అంకెకి విలువ ఇంకా తక్కువ. అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. నాలుగు పైపుల ఒంటి టవర్ డీప్‌కూల్ ఏకే400 మీద 220 వాట్లు అని ఉంటుంది. 220 వాట్లు లాగే ఇంటెల్‌ని దానికి అప్పగిస్తే ఏమవుతుందో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో రోజూ మెషీన్లు బిగించే ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. కూలర్‌కి ఉండేది వాట్ల సామర్థ్యం కాదు, ఒక్కో వాటుకి ఎన్ని డిగ్రీలు పెరుగుతుంది అన్న గుణం. ఆ పెరుగుదల గది ఉష్ణోగ్రత మీద వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి రివ్యూల్లో కనిపించే ఉష్ణోగ్రతని ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. అవి ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో కొలిచినవి. 23 డిగ్రీల గదిలో 68 చూపించిన ప్రాసెసర్ గది మీద 45 డిగ్రీలు పెరిగినట్టు. అదే వాట్లు, అదే ఫ్యాన్ వేగం, గది 39 అయితే 84 చూపిస్తుంది. చిప్ వేడెక్కినకొద్దీ లీకేజీ (వృథాగా కారిపోయే కరెంటు) పెరిగి అదే పనికి కాస్త ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక ఒకటి రెండు డిగ్రీలు అదనంగానే వేసుకోవాలి. మీ ఊళ్లో, మీ గదిలో, ఎండాకాలంలో గోడ మీది థర్మామీటర్ ఎంత చూపిస్తుందో చూసుకుని, రివ్యూలోని గది ఉష్ణోగ్రతతో ఉన్న తేడాని కలుపుకోండి. గది ఉష్ణోగ్రత రాయని రివ్యూ ఎంత బాగా రాసినా ఈ పనికి ఉపయోగపడదు.

వాట్లు ఒక్కటే అయినా అన్ని చిప్‌లూ ఒకేలా చల్లబడవు. రైజెన్ 7000లో కోర్లుండే చిప్లెట్ (చిన్న సిలికాన్ ముక్క) 70 చదరపు మి.మీ. దగ్గర ఉంటుంది. ఐ7-14700కె డై, అంటే దాని మొత్తం సిలికాన్ ముక్క, 257 చదరపు మి.మీ. రెండూ 140 వాట్లు లాగుతున్నా 7700ఎక్స్‌లో అదంతా చిన్న ముక్కలోంచి బయటికి రావాలి. దానికి తోడు, ఏఎం4 కూలర్లు ఏఎం5కీ పట్టాలని మూతని మందంగా చేశారు. హాలు ఎంత పెద్దదైనా గుమ్మం ఇరుకైతే జనం గుమ్మం దగ్గరే ఆగుతారు, ఇక్కడ వేడికి జరిగేదీ అదే. అందుకే 7700ఎక్స్‌కి ఎంత పెద్ద కూలర్ పెట్టినా అన్ని కోర్లూ పనిచేసే లోడులో 90ల్లోకి వెళ్లడం చూస్తాం. రైజెన్ 7000 ఎక్స్ రకాలు 95 డిగ్రీల దగ్గర నడిచేలా రూపొందించామని ఏఎండీయే చెప్పింది. 95 చూసి కంగారుపడి లిక్విడ్ కూలర్‌కి పరిగెత్తక్కర్లేదు.

7800ఎక్స్3డీది వేరే కథ. కోర్ల మీద క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) పొర అతికించి ఉంటుంది కనుక వేడి బయటికి రావడం కష్టం, పరిమితి కూడా 89 డిగ్రీలే. అయితే అది లాగే కరెంటే తక్కువ. 162 వాట్ల పీపీటీ కాగితం మీదే, గేముల్లో దానికి సగం కూడా అరుదు. పీర్‌లెస్ అసాసిన్ దీనికి హాయిగా సరిపోతుంది. 9800ఎక్స్3డీలో క్యాష్‌ని కోర్ల కిందికి మార్చారు, వేడి సులభంగా వస్తుంది, పరిమితి 95కి పెరిగింది, కరెంటు కూడా ఎక్కువే తాగుతుంది. దానికీ ఈ కూలర్ చాలు.

ఇప్పుడు తీర్పులు. 5600, 7600, 12400ఎఫ్ లాంటివాటికి ఈ కూలర్ కొనకండి. వాటితో వచ్చే స్టాక్ కూలర్ ఏసీ గదిలో నడిపేస్తుంది. కాకపోతే ఏఎండీ స్టాక్ కూలర్ రైత్ స్టెల్త్ లోడులో గోల చేస్తుంది, వేసవిలో ఇంకా ఎక్కువ. ఆ గోల భరించలేకపోతే నాలుగు పైపుల డీప్‌కూల్ ఏజీ400 గానీ ఏకే400 గానీ చాలు, మిగిలిన డబ్బు ర్యామ్‌కో ఎస్ఎస్‌డీకో పెట్టండి. 5700ఎక్స్ మాత్రం స్టాక్ కూలర్ లేకుండానే వస్తుంది. 76 వాట్లే లాగుతుంది కనుక దానికీ ఒంటి టవర్ చాలు.

5800ఎక్స్, 7700ఎక్స్, 12700కె, 13600కె, 14600కె, పైన చెప్పిన రెండు 3డీలు, పరిమితులు పూర్తిగా వదిలిన 13400, 14400: ఈ 120 నుంచి 190 వాట్ల మధ్య ఉన్నదంతా పీర్‌లెస్ అసాసిన్ సొంత ఇలాకా. గది 38 ఉన్నా రోజువారీ పనికీ గేముకీ మార్జిన్ మిగులుతుంది. 181 వాట్లతో గంటల తరబడి వీడియో రెండర్ చేసే 13600కె అయితే ఆ గదిలో 90ల్లోకి వెళ్తుంది. పరిమితిని 150కి దించితే సరి.

14700కె, 14900కె, 7950ఎక్స్ దగ్గర కొనేవాళ్లు ఎక్కువగా తప్పుదారి పట్టేది. దుకాణంలో కొటేషన్ రాసేటప్పుడు వీటికి 360 (360 మి.మీ. రేడియేటర్ ఉన్న) లిక్విడ్ కూలర్ తప్పదంటారు. 253 వాట్లు ఆపకుండా కావాలంటే నిజమే, ఈ కూలర్ ఆ పని చెయ్యదు, ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకి క్లాక్ (తన వేగం) తగ్గించేసుకుంటుంది. కానీ మీకు 253 కావాలా? బయాస్‌లో పీఎల్1, పీఎల్2 (ఎక్కువసేపటికీ, కొద్దిసేపటికీ ఉండే కరెంటు పరిమితులు) రెండింటినీ 160 నుంచి 180 వాట్ల మధ్య పెడితే గేముల్లో తేడా పట్టుకోవడమే కష్టం. అన్ని కోర్లూ ఒకేసారి పనిచేసే రెండరింగ్‌లో కొంత వేగం పోతుంది, కరెంటు మాత్రం దానికంటే ఎక్కువ వంతు తగ్గుతుంది. చివరి డెబ్భై ఎనభై వాట్లు కొనిపెట్టే వేగం అంత స్వల్పం. 7950ఎక్స్‌కి తక్కువ కరెంటుతో నడిపే ఎకో మోడ్ ఉంది. 105 వాట్ల ఎకోలో పీపీటీ 142, 65 వాట్ల ఎకోలో 88. 142 దగ్గర అది ఇప్పటికీ చాలా వేగమైన ప్రాసెసరే, ఈ కూలర్ దాన్ని ప్రశాంతంగా నడుపుతుంది.

ఈ పరిమితులు బోర్డ్ తయారీదారు ఇష్టాన్ని బట్టి మారిపోతాయి, అక్కడే చాలామందికి దెబ్బ తగులుతుంది. ఎంఎస్ఐ ఎల్‌జీఏ 1700 బోర్డులు మొదటిసారి బూట్ అయినప్పుడు ఏ కూలర్ వాడుతున్నారని అడుగుతాయి. టవర్ ఎయిర్ కూలర్ అని నొక్కితే 288 వాట్లు, వాటర్ కూలర్ అంటే 4096 వాట్లు పెట్టేస్తాయి. 4096 అంటే పరిమితే లేదని అర్థం. అసూస్‌లో మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ చేసేదీ ఇలాంటి పనే. కొత్త మెషీన్ మొదటి రోజే 100 డిగ్రీలు చూపిస్తే కూలర్‌ని తిట్టే ముందు బయాస్‌లోకి వెళ్లి వాట్లెన్ని రాసి ఉన్నాయో చూడండి. 13, 14 తరాల ఇంటెల్‌లో కొన్ని ప్రాసెసర్లు పాడై మెషీన్ క్రాష్ అయ్యే సమస్య వచ్చింది కనుక వాటికి బయాస్‌ని 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) గానీ దాని తర్వాతది గానీ ఉన్న వెర్షన్‌కి మార్చడం తప్పనిసరి. ఆ క్రాష్‌ల సమస్య వోల్టేజీది, ఏ కూలర్ మార్చినా పోదు.

బిగింపు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఉష్ణోగ్రత ఎక్కువని వచ్చే ఫిర్యాదుల్లో కూలర్ తప్పు తక్కువ, బిగించిన తీరు తప్పు ఎక్కువ.

మొదట 8 పిన్ల సీపీయూ పవర్ కేబుల్ పెట్టేయండి. ఈ రెండు టవర్లూ కూర్చున్నాక ఆ పై మూలకి చెయ్యి దూరదు. ఏఎం4, ఏఎం5 బోర్డుల మీద ప్లాస్టిక్ బ్రాకెట్లు నాలుగు స్క్రూలతో ఉంటాయి, అవి తీసెయ్యాలి. ఏఎం4లో స్క్రూలు తీయగానే వెనక ప్లేట్ ఊడి కింద పడుతుంది, ఒక చేత్తో పట్టుకోండి. ఏఎం5లో అది సాకెట్‌కే బిగించి ఉంటుంది, పడదు. పాత కూలర్ తీసేది ఏఎం4 మెషీన్‌లోంచి అయితే ముందు ఓ పది నిమిషాలు లోడు పెట్టి వేడెక్కించి, ఆపేసి, పవర్ కేబుల్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా లాగితే గట్టిపడిన పేస్ట్ ప్రాసెసర్‌ని సాకెట్‌లోంచి పెకిలించి తెచ్చేస్తుంది, పిన్లు వంగుతాయి.

పీర్‌లెస్ అసాసిన్ బేస్ మీద పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది. అది తీయకుండా బిగించినవాళ్లు తక్కువేమీ కాదు. మెషీన్ ఆన్ అయిన కాసేపటికే 95 తాకిందంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. పేస్ట్ ఏఎం4కి మధ్యలో బఠాణీ గింజంత, ఏఎం5కి మధ్యలో ఒక చుక్క, నాలుగు మూలల వైపు నాలుగు చిన్న చుక్కలు. ఎల్‌జీఏ 1700 మూత పొడుగ్గా ఉంటుంది కనుక దానికి పొడవునా ఒక గీత, లేదా ఇంటూ గుర్తు. కాస్త ఎక్కువైతే పక్కలకి వస్తుంది, నష్టం లేదు. తక్కువైతేనే ప్రమాదం.

మధ్య ఫ్యాన్ తీసి ఉంచితేనే స్క్రూలకి దారి దొరుకుతుంది. పొడవైన, కొన అయస్కాంతమున్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ కావాలి, పొట్టిదానితో ఫిన్లు వంగుతాయి. ఒక స్క్రూని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లొద్దు. రెండు చుట్లు ఇటు, రెండు చుట్లు అటు, స్ప్రింగ్ ఆగేదాకా. ఒకవైపే బిగిస్తే బేస్ ఏటవాలుగా కూర్చుని పేస్ట్ ఒక మూలకి నెట్టుకుపోతుంది. విప్పి చూస్తే ఒక పక్క మెరుస్తూ, ఇంకో పక్క మందంగా బూడిదరంగు మెత్తగా కనిపిస్తుంది. కోర్ల మధ్య ఉష్ణోగ్రత తేడా అసాధారణంగా ఎక్కువుంటే ఈ లోపం ఉండొచ్చు. ఎల్‌జీఏ 1700లో మరో చిక్కుంది. సాకెట్ లాక్ నొక్కుడుకే ప్రాసెసర్ మూత మధ్యలో కొద్దిగా పల్లమవుతుంది. ఆ లాక్ బదులు బిగించే కాంటాక్ట్ ఫ్రేమ్ థర్మల్‌రైట్‌దే ఒకటి చవకగా దొరుకుతుంది, పేరు చివర కె ఉన్న ప్రాసెసర్లకి పెట్టుకోదగినదే. దాని స్క్రూలు అతిగా బిగిస్తే ర్యామ్ ఒక ఛానెల్ కనిపించకుండా పోతుంది, అప్పుడు పావు చుట్టు వదులు చేస్తే తిరిగొస్తుంది.

రెండు ఫ్యాన్లూ ఒకే దిక్కుకి, క్యాబినెట్ వెనక ఫ్యాన్ వైపుకి గాలి తొయ్యాలి. అడ్డ కమ్మీలున్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది, అది గుర్తు. స్ప్లిటర్ కేబుల్‌ని సీపీయూ_ఫ్యాన్ అని రాసిన హెడర్‌కే పెట్టండి, సిస్‌_ఫ్యాన్‌కి పెడితే చాలా బోర్డులు ఫ్యాన్ లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి.

కొలతల దగ్గర మోసపోయేది ర్యామ్ వల్ల. మామూలు 32 మి.మీ. ర్యామ్‌తో ఇబ్బంది లేదు. 51 మి.మీ. ఎత్తుండే కోర్సెయిర్ వెంజెన్స్ ఆర్‌జీబీ ప్రో లాంటివి వాడితే ముందు ఫ్యాన్‌ని పైకి జరపాల్సి వస్తుంది, ఎంత జరిపితే మొత్తం ఎత్తు 155 కంటే అంత పెరుగుతుంది. క్యాబినెట్‌లో 160 మి.మీ. చోటే ఉంటే పక్క గ్లాసు మూసుకోదు. కొనేముందు క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో సీపీయూ కూలర్ ఎత్తు అన్న లైను చూసుకోండి.

మోత విషయంలో దీని మీద ఫిర్యాదు పెద్దగా లేదు, పూర్తి వేగంలో గాలి హోరు వినిపిస్తుంది, గీరే శబ్దం ఉండదు. అసలు చిరాకు రైజెన్ల వల్ల. క్షణంపాటు పది పదిహేను డిగ్రీలు ఎగిరి దిగుతుంటాయి, దానితోపాటు ఫ్యాన్ హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. బయాస్‌లో స్టెప్ అప్ టైమ్‌ని (ఫ్యాన్ వేగం పెంచే ముందు ఆగే సమయాన్ని) ఆ బోర్డ్ ఇచ్చే గరిష్ఠానికి పెంచండి. ఫ్యాన్ వేగం 50 డిగ్రీల దాకా 35 శాతం, 70కి 60 శాతం, 85కి 100 శాతం పెడితే చాలామందికి సరిపోతుంది.

పరీక్షించేటప్పుడు అరనిమిషం లోడు చూసి సంతోషపడొద్దు. ఐ5-12400ఎఫ్ ఇంటెల్ లెక్కన 28 సెకన్లు మాత్రమే 117 వాట్లలో ఉండి తర్వాత 65కి దిగుతుంది, బోర్డ్ ఆ పరిమితి ఎత్తేసిందో లేదో అప్పుడే తెలుస్తుంది. ప్రాసెసర్‌కి పూర్తి లోడు పెట్టే సినీబెంచ్‌లో పది నిమిషాల పరీక్ష నడిపి, పక్కన సెన్సర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్యాకేజ్ పవర్ (ప్రాసెసర్ లాగే మొత్తం వాట్లు), ఉష్ణోగ్రత, క్లాక్ మూడూ కలిపి చూడండి. వాట్లు తెలియకుండా డిగ్రీలు చూసి లాభం లేదు. తర్వాత గేమ్ నడిపి మళ్లీ చూడండి, 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070 వదిలే వేడిగాలి కూడా ఈ కూలర్ పీల్చేదే. పక్క ప్యానెల్ తీయగానే ఐదు డిగ్రీలకి మించి తగ్గితే లోపం కూలర్‌ది కాదు, క్యాబినెట్‌లో గాలి ఆడడం లేదు. ముందు రెండు, వెనక ఒకటి ఫ్యాన్ కనీసం ఉండాలి. గదిలో నీళ్లు పోసే ఎయిర్ కూలర్ వాడేవాళ్లు హీట్ సింక్ మీద నీరు పడుతుందని భయపడక్కర్లేదు, అది ఎప్పుడూ గది గాలి కంటే వేడిగానే ఉంటుంది. తుంపర్లతో కూడిన గాలి నేరుగా క్యాబినెట్ మీదికి రాకుండా చూసుకుంటే చాలు, దుమ్ము తడిసి ఫిన్లకి అంటుకుంటే బ్లోయర్‌కి కూడా లొంగదు.

పోటీలో ఉన్నవాటిలో థర్మల్‌రైట్‌దే ఫాంటమ్ స్పిరిట్ 120 ఎస్‌ఈకి ఏడు పైపులు. ధర తేడా మూడు నాలుగు వందలే అయితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 మెరుగైనదే, ఆరేళ్ల వారంటీ ఉంది, కానీ ధర కొన్ని రెట్లు, ఎత్తు 165 మి.మీ. 240 లిక్విడ్ కూలర్ దీనికి సుమారుగా సమానం, అందులో నీరు వేడెక్కడానికి సమయం పడుతుంది కనుక మొదటి నిమిషాల్లో మాత్రం గొప్పగా కనిపిస్తుంది. రేడియేటర్ కూడా చల్లబడాల్సింది అదే 39 డిగ్రీల గది గాలితోనే. పంపు ఆగిపోతే మెషీన్ ఆగినట్టే. ఇందులో ఫ్యాన్ పోతే ఏ 120 మి.మీ. ఫ్యాన్ అయినా పెట్టుకోవచ్చు.

థర్మల్‌రైట్ వారంటీ మన దగ్గర అమ్మినవాళ్ల ద్వారానే నడుస్తుంది, జీఎస్‌టీ బిల్లు మీద మోడల్ పేరు పూర్తిగా రాయించుకోండి. మెషీన్‌ని బస్సు పార్సిల్‌లో ఊరికి పంపుతుంటే మాత్రం కూలర్‌ని విప్పి విడిగా ప్యాక్ చేయించండి, ఇంత బరువు నిలువు బోర్డుకి వేలాడుతూ గుంతల రోడ్డు మీద ఊగితే సాకెట్ చుట్టూ బోర్డు పగలొచ్చు.